గోడకి అటూ ఇటూ: పొంతన లేని ఇద్దరి స్నేహం మీద కార్టూన్ సిట్‌కామ్ ఎపిసోడ్ తీసే పద్ధతి

పొంతన లేని ఇద్దరికి స్నేహం కుదిరే కథ కార్టూన్ సిట్‌కామ్ (ప్రతి వారం అవే పాత్రలతో నడిచే హాస్య కథ) తీసేవాళ్లకి బాగా కలిసొస్తుంది. ఇద్దరు మనుషులు, రెండు గదులు, మధ్యలో ఒక గోడ ఉంటే 11 నిమిషాలు నడిచిపోతాయి. కానీ కథ ఒకరు రాసేసి బొమ్మలు ఇంకొకరికి అప్పజెబితే పని సగంలో ఆగుతుంది. ఏ సీనుకి ఎన్ని బొమ్మలు పడతాయో రాసేటప్పుడే తెలిసుండాలి. అందుకే ఇక్కడ కథనీ పనినీ కలిపే చెబుతున్నాం. ఉదాహరణకి ఒక ఎపిసోడ్‌ని మొదట్నుంచీ కట్టుకుంటూ పోదాం. చోటు విజయనగరం జిల్లా బొబ్బిలి పక్కన గొల్లపల్లి, పనస కర్రతో వీణలు చెక్కే ఊరు. గోడకి ఇవతల వీణలు చేసే సన్యాసి తాత, అవతల డీజే బాక్సులు అద్దెకిచ్చే పైడిరాజు. ఇద్దరూ కల్పితమే.

జోడీ కుదర్చడం

చాలామంది ధనిక, పేద అనో, పిల్లి, కుక్క అనో మొదలుపెడతారు. అది తేడా మాత్రమే, దాంట్లోంచి కథ రాదు. జోడీ నిలుస్తుందో లేదో మూడు ప్రశ్నలతో తేలిపోతుంది. ఇద్దరూ ఒకరినొకరు తప్పించుకోలేని కారణం ఏమిటి? ఒకడి పని రెండోవాడి పనిని ఎలా చెడగొడుతుంది? ఒకడికి లేనిది రెండోవాడి చేతిలో ఏముంది? మూడో ప్రశ్నకి రెండు వైపుల నుంచీ జవాబు రావాలి. ఒకవైపే వస్తే అది స్నేహం కథ అవ్వదు, సాయం కథ అవుతుంది. పెద్దాయన మంచి మాట చెప్పి కుర్రాణ్ణి బాగుచేసే కథలన్నీ ఇక్కడే చతికిలపడతాయి.

మన జోడీని ఈ ప్రశ్నల ముందు పెడదాం. గోడ ఒకటే, కాబట్టి తప్పించుకోలేరు. వీణ దండి (పొడవాటి కాడ) మీద 24 మెట్లు ఉంటాయి, వాటిని మైనంలో నిలబెట్టి శ్రుతి చూసుకుంటూ సర్దుతారు. దీన్నే మేళం కట్టడం అంటారు. మైనం ఇంకా మెత్తగా ఉన్నప్పుడు గోడవతల బేస్ మోగితే మెట్టు జరుగుతుంది, అంటే కుర్రాడి పని తాత పనిని పాడుచేస్తుంది. తాత చేతిలో ఉన్నది చెవి. కుర్రాడి చేతిలో ఉన్నవి కరెంటు పనితనం, లైట్లు. వీటితోనే కథ కట్టాలి, బయట నుంచి ఇంకేదీ తేకూడదు.

తగవు ఎంత చిన్నదైతే అంత మంచిది. భూమి తగాదా, కులం, అప్పులు లాంటివి తెస్తే 11 నిమిషాల్లో పరిష్కరించలేరు. పరిష్కరించినట్టు చూపిస్తే ఎవరూ నమ్మరు.

11 నిమిషాల కొలత

660 సెకన్లని ఇలా పంచుకోండి. మొదటి 40 సెకన్లు టైటిల్‌కి ముందు వచ్చే ముక్క. తర్వాత 3 నిమిషాల 20 సెకన్లు గొడవ పెరగడానికి, 4 నిమిషాలు ఇద్దరూ ఒకే చిక్కులో పడటానికి, 2 నిమిషాల 20 సెకన్లు చిక్కు విప్పడానికి. ఆఖరి 40 సెకన్లు తోక సీనుకి.

టైటిల్‌కి ముందు ముక్కలో మాట అక్కర్లేదు. తాత ఆఖరి మెట్టుని మైనంలో పెడతాడు. అవతల నుంచి "చెక్... చెక్..." అని వినిపిస్తుంది. బేస్ ఒక్కసారి కొడుతుంది, మెట్టు పక్కకి జారుతుంది. తాత గోడ వైపు చూస్తాడు. టైటిల్.

మొదటి భాగంలో ఇద్దరికీ గడువు పెట్టండి. వీణ పొద్దున్నే వెళ్లిపోవాలి. బాక్సులు విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి వెళ్లాలి. ఆ పండగ దసరా వెళ్లిన తర్వాత వచ్చే మంగళవారం జరుగుతుంది. కాబట్టి గోడ మీద క్యాలెండర్ వేస్తే వారం సరిచూసుకోండి, విజయనగరం వాళ్లు ముందు అదే పట్టుకుంటారు. తాత విసుగెత్తి కుర్రాడి షాపు ఫ్యూజు పీకేస్తాడు. కుర్రాడు ఆంప్లిఫయర్‌ని తన బోర్డులోనే ఉంచి, శబ్దాలు కలిపే మిక్సర్‌కి మాత్రం గోడ కన్నంలోంచి వైరు లాగి తాత ప్లగ్గులో పెడతాడు. తర్వాత ఫ్యూజు తిరిగొచ్చినా ఆ వైరు అలాగే ఉండిపోతుంది.

రెండో భాగానికి ఇదే విత్తనం. మిక్సర్ ఒక చోట, ఆంప్లిఫయర్ ఇంకో చోట ఎర్త్ అయితే, వాటిని కలిపే ఆడియో కేబుల్‌తో ఎర్త్ లూప్ ఏర్పడి హమ్ (ఆగని సన్నటి మూలుగు) వస్తుంది. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్, అందుకని ఆ హమ్ 50, 100, 150 హెర్ట్జ్‌లలో వినిపిస్తుంది. 100 హెర్ట్జ్ అంటే ఐదో శ్రుతికి కొంచెం పైన. కుర్రాడు కేబుళ్లన్నీ మార్చి చూస్తాడు, హమ్ పోదు. ఇవతల తాత మెట్లు సర్దుతుంటే ఆ మూలుగు చెవిలో దూరి శ్రుతి కుదరనివ్వదు. ఇద్దరూ ఒకే మోత వల్ల ఇరుక్కున్నారు. ఆ మోత వాళ్ల తగవు వల్లే పుట్టింది. సిట్‌కామ్‌లో మలుపు ఇలాగే రావాలి: మొదటి నిమిషాల్లో నవ్వు కోసం చేసిన పనే ఏడో నిమిషంలో మెడకి చుట్టుకోవాలి.

మూడో భాగంలో తాత చెవితో వెతికి, తన ప్లగ్గులోని వైరు పీకగానే మూలుగు ఆగుతుందని పట్టుకుంటాడు. రెండింటినీ ఒకే బోర్డుకి తగిలిస్తే హమ్ పోతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త. ఎర్త్ పిన్ను విరగ్గొట్టి హమ్ ఆపినట్టు మాత్రం చూపించకండి. బయట అలా చేసేవాళ్లున్నారు, ఆంప్లిఫయర్ బాడీకి కరెంటు పాకితే ప్రాణం పోతుంది. తాత చేసిన సాయానికి బదులుగా కుర్రాడు తన డీజే లైట్లు తెచ్చి తాత ముందు పెడతాడు, కీబోర్డు మీద శ్రుతి పట్టుకుని కూర్చుంటాడు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మారుతున్న వెలుగులో తాత మేళం కడతాడు. ఈ సీను చూడ్డానికి ఘనంగా ఉంటుంది, పని మాత్రం తక్కువ: బొమ్మ మీద ఒక రంగు పొర వేసి 12 ఫ్రేములకోసారి మార్చడమే.

తోక సీనులో మళ్లీ గొడవ మొదలవ్వాలి. సిట్‌కామ్‌లో మనుషులు మారిపోతే వచ్చే వారం కథ ఉండదు. మారేది ఒక్క వస్తువే ఉండాలి. గోడ కన్నంలో వైరు ఈసారి తాతే పెట్టుకుంటాడు, ఇటు నుంచి అటు కాదు, అటు నుంచి ఇటు. "మనం ఫ్రెండ్స్" అన్న మాట స్క్రిప్టులో ఎక్కడ కనబడినా కొట్టేయండి.

మాటలు, యాస

యాస తప్పితే బొమ్మ ఎంత బాగున్నా శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు రెండో నిమిషంలో కట్టేస్తారు. సినిమాల్లో పల్లెటూరి పాత్ర ఎవరైనా "ఆయ్" అనేస్తుంది. అది గోదావరి జిల్లాల మాట, ఇక్కడ చెల్లదు. ఇక్కడ "ఏంటి" కాదు "ఏటి", "నేను" కాదు "నాను", "లేదు" కాదు "నేదు", "ఎవరు" కాదు "ఎవులు", "వదిలెయ్" కాదు "ఒగ్గెయ్", "కూర్చో" కాదు "కూకో". క్రియల చివర "వస్తాది, ఇనపడతాది" అని వస్తుంది. కుర్రాణ్ణి "గుంటడు" అంటారు, అక్కని "అప్ప" అంటారు. ఊళ్లో పెద్దాయన్ని "తాతా" అని పిలిచి "నువ్వు" అనడం ఇక్కడ అమర్యాద కాదు. "తాతగారూ, మీరు" అని రాస్తే కుర్రాడు వేరే ఊరి నుంచి వచ్చినట్టుంటుంది.

అయితే యాసంతా ఒకే మోతాదులో పోయకండి. తాతకి నిండుగా, కుర్రాడికి సగం, అందులో "సబ్‌వూఫర్, బ్లూటూత్" లాంటివి. మూడో పాత్ర టీ కొట్టు అప్పలనర్సమ్మకి ఇద్దరినీ మించి. ఒక ముక్క ఇలా ఉంటుంది:

పైడిరాజు: తాతా, నీ వీణ ఎవులు ఇంటారు? నా బాక్సు పెడితే బొబ్బిలి కోటలోకి ఇనపడతాది.
తాత: అందుకేరా గుంటడా, కోటలో ఎవులూ నేరు.

ఇంకొకటి, రెండో భాగంలో:

తాత: ఐదో శ్రుతిలో ఎవుడో మూలుగుతన్నాడ్రా.
పైడిరాజు: అది హమ్మింగు తాతా.
తాత: పేరెట్టావు సరే, మందెయ్యి మరి.

ఒక డైలాగు 7 సెకన్లు దాటకూడదు. దాటితే అంతసేపూ నోరు కదపాలి, వినేవాడి ముఖంలోనూ ఏదో జరగాలి, పని రెట్టింపు. ఎక్కువ మాట్లాడే పాత్రకి నోరు కనబడకుండా చేసే ఉపాయాలు వెతకండి. అప్పలనర్సమ్మ నోట్లో ఎప్పుడూ వేపపుల్ల ఉంటే పెదవులు పెద్దగా కదలవు. ఆమెకి రెండు నోటి బొమ్మలు చాలు, మాట ముద్దముద్దగా రావడమూ నవ్విస్తుంది. ఈ ప్రాంతంలో ముసలమ్మలు తాగే అడ్డపొగ చుట్ట (నిప్పు వైపు నోట్లో పెట్టుకునేది) కూడా ఇదే పని చేస్తుంది గానీ, పిల్లలు చూసే బొమ్మలో పొగాకు ఎందుకు? వేపపుల్లే నయం.

గొంతులు ముందు, బొమ్మలు తర్వాత

బొమ్మ గీసి తర్వాత డబ్బింగ్ చెబుదామనే ఆలోచన వదులుకోండి. కామెడీ అంతా ఆగడంలో ఉంటుంది, ఎక్కడ ఎంతసేపు ఆగాలో గొంతే చెబుతుంది. ముందు ఇద్దరు నటులూ ఎదురెదురుగా కూర్చుని రెండుసార్లు చదవాలి. రికార్డింగ్‌కి మాత్రం ఒక్కొక్కరే మైకు ముందుకి రావాలి, రెండోవాళ్లు దూరం నుంచి మాట అందించాలి. ఇద్దరి గొంతులూ ఒకే ట్రాకులో కలిసిపోతే పెదవులు కుదర్చలేరు, మాట వెనక్కీ ముందుకీ జరపలేరు.

స్టూడియో అక్కర్లేదు. బట్టలతో నిండిన బీరువా తలుపులు తెరిచి, వెనక వైపు రెండు దుప్పట్లు వేలాడదీస్తే గది మోత చాలావరకు చస్తుంది. మైకు నోటికి 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో, కొంచెం పక్కకి ఉండాలి. తిన్నగా పెడితే "ప, బ, ఫ" అక్షరాల దగ్గర గాలి దెబ్బ పడుతుంది. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో వేవ్ ఫైలుగా తీయండి. శబ్దం మీటరు మైనస్ 12 డెసిబెల్ చుట్టుపక్కల ఆడాలి, అరుపు సీన్లలో మైనస్ 6 దాటకూడదు. ఫ్యాను ఆపండి. ఫ్రిజ్ గోడవతల ఉన్నా వినబడుతుంది. బొబ్బిలి జంక్షన్ దగ్గర్లో ఉండేవాళ్లు రైలు వేళలు చూసుకుని కూర్చోవాలి. ప్రతి డైలాగూ మూడుసార్లు చెప్పించండి, మూడోసారి ఎప్పుడూ కొంచెం వేరుగా. ఆఖర్న ఎవరూ మాట్లాడకుండా 30 సెకన్ల గది నిశ్శబ్దం తీసి ఉంచుకోండి, కత్తిరించిన చోట్ల అతుకు తెలియకుండా అదే పరవాలి.

ఫైళ్ల పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో, ఖాళీల్లేకుండా పెట్టండి. తెలుగు పేర్లతో ఉన్న ఫోల్డర్లని కొన్ని సాఫ్ట్‌వేర్లు తెరవలేవు. ఆ సంగతి రెండొందల ఫైళ్లు పోగయ్యాక బయటపడుతుంది.

స్టోరీబోర్డు, యానిమాటిక్

కాగితం మీద అగ్గిపెట్టంత గళ్లు గీసుకుని ఒక్కో షాటుకి ఒక్కో బొమ్మ వేయండి. కర్ర బొమ్మలైనా చాలు. షాటు సగటున నాలుగున్నర సెకన్లు అనుకుంటే 660 సెకన్లకి సుమారు 147 షాట్లు వస్తాయి. ఇవన్నీ ఫోనుతో ఫొటో తీసి, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో గొంతుల కింద పరిచి 11 నిమిషాల వీడియో చేయండి. ఇదే యానిమాటిక్. దీన్ని కథ తెలియని నలుగురికి చూపించండి. ఎక్కడ ఫోను వైపు చూశారో రాసుకోండి, అక్కడ కత్తెర పడాలి. ఈ దశలో నిమిషం తీసేస్తే పోయేది కాగితమే. గీశాక తీసేస్తే వారాల పని పోతుంది.

మన ఎపిసోడ్‌కి ముఖ్యమైన షాటు ఒకటుంది. గోడని అడ్డంగా కోసినట్టు మధ్యలో పెట్టి, ఎడమ వైపు తాత గది, కుడి వైపు కుర్రాడి షాపు ఒకే ఫ్రేములో చూపించే షాటు. ఎపిసోడ్‌లో ఎక్కువ భాగం ఈ ఒక్క నేపథ్యం మీదే నడపొచ్చు. ఒకడు గోడకి చెవి ఆనిస్తే రెండోవాడు అదే చోట సుత్తితో కొట్టడం లాంటివి మాట లేకుండానే పండుతాయి. ఇక కావలసింది టీ కొట్టు వీధి ఒక్కటే. మొత్తం రెండు నేపథ్యాలు.

ఈ జోడీలో ఒక చిక్కుంది. తాత నేల మీద కూర్చుంటాడు, కుర్రాడు నిలబడతాడు. ఇద్దర్నీ ఒకే ఫ్రేములో పెడితే తాత తల మీద బోలెడు ఖాళీ, కుర్రాడి తల ఫ్రేముకి తగులుతూ ఉంటుంది. చూపులూ కలవవు. అందుకే వీధి సీన్లలో అరుగు గీయండి. తాత అరుగు మీద కూర్చుంటే, కుర్రాడు కింద నిలబడితే కళ్లు దాదాపు ఒకే ఎత్తుకి వస్తాయి. గొడవపడేటప్పుడు ఎత్తు తేడా ఉంచి, రాజీ పడేటప్పుడు కుర్రాణ్ణి నేల మీద కూకోబెడితే సరిపోతుంది, మాట అక్కర్లేదు.

మనుషుల్ని గీయడం

ఇద్దరి బొమ్మల్నీ నల్లటి నీడలా నింపి చూడండి. పేరు చెప్పకుండా ఎవరెవరో తెలిస్తే ఆకారం కుదిరినట్టు. తాత గుండ్రంగా, కిందకి బరువుగా, మోకాళ్ల మీద పొందూరు ఖద్దరు పంచె. కుర్రాడు నిటారుగా, మెడలో హెడ్‌ఫోన్లు, వెనక జేబులో టెస్టర్. ఒక్కొక్కరినీ ఎదురుగా, ముప్పావు కోణంలో, పక్కగా గీసి ఒకే కాగితం మీద పెట్టుకోండి. ఇద్దరి ఎత్తులూ చూపే గీతలు కూడా ఉండాలి. ఇది లేకపోతే 60వ షాటుకి కుర్రాడు తాతకి రెండింతలైపోతాడు.

11 నిమిషాలు సెకనుకి 24 ఫ్రేముల్లో 15,840 ఫ్రేములు. రెండు ఫ్రేములకో బొమ్మ వేసినా 7,920 బొమ్మలు. ఇద్దరు ముగ్గురున్న బృందం ఇన్ని చేత్తో గీయలేదు. కాబట్టి కటౌట్ పద్ధతే దిక్కు: ఒంటిని ముక్కలుగా గీసి కీళ్ల దగ్గర తిప్పడం. చేయి తిరిగినవాళ్లు రోజుకి 8 సెకన్లు తీస్తే ఒక్కరికి 83 రోజులు పడుతుంది. మొదటి ఎపిసోడ్ అయితే 4 నిమిషాలకే కుదించుకోమంటాం.

తాతకి కావలసిన ముక్కలు: తల, మొండెం, రెండు పై చేతులు, రెండు ముంజేతులు, అరచేతులు అయిదు రకాలు, కనురెప్పలు నాలుగు దశలు, రెండు కనుబొమలు, తొమ్మిది నోళ్లు. కాళ్లు పంచెలో ఒకే ముక్క, కూర్చునే మనిషి కాబట్టి. కీలు ఉన్న చోట రెండు ముక్కల చివర్లూ గుండ్రంగా, ఒకదాని మీద ఒకటి పడేలా గీయాలి, తిరిగే బిందువు ఆ గుండ్రానికి సరిగ్గా నడుమ పెట్టాలి. చివర్లు తిన్నగా కోస్తే మోచేయి మడిచినప్పుడు చీలిక కనబడుతుంది.

బొమ్మలు క్రిటాలో గీసి, ఓపెన్‌టూన్జ్‌లో ఎముకలు కట్టి (ముక్కల్ని కీళ్ల దగ్గర కలిపి) ఆడించొచ్చు, రెండూ ఉచితం. 8 జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్ నడిపిస్తుంది. 1920, 1080 పిక్సెళ్ల ఫ్రేముకి పాత్రల ముక్కల్ని రెండింతల సైజులో గీసుకోండి, దగ్గర షాట్లలో మసకబారవు.

వీణ గీసేటప్పుడు మూడు తప్పులు జరుగుతుంటాయి. ఒకటి తీగలు: నాలుగు వాయించేవి, మూడు తాళానికి, మొత్తం ఏడు. ఏడింటినీ సన్నగా గీస్తే ఫోనులో మిణుకుమిణుకుమంటాయి. దూరం షాట్లలో నాలుగే, 3 పిక్సెళ్ల మందంతో వేయండి. రెండోది, బొమ్మని అద్దంలోలా తిప్పేయడం. వీణ కుండ (గుండ్రటి పెద్ద భాగం) వాయించేవాడి కుడి వైపు నేల మీద, బుర్ర (రెండో చివరి చిన్న గుండు) ఎడమ తొడ మీద ఉంటాయి. కుడి చెయ్యి మీటుతుంది, ఎడమ చెయ్యి మెట్ల మీద నడుస్తుంది. షాటు తిప్పితే తాత ఎడమచేతి వాటం అయిపోతాడు, బొబ్బిలిలో ఎవరూ క్షమించరు. అందుకే వీణ ఉన్న షాట్లని ఎన్నడూ తిప్పకండి. మూడోది, బొబ్బిలి వీణని అతుకులతో గీయడం. దాని పేరే ఏకండి వీణ, కుండా దండీ ఒకే దుంగలోంచి తొలుస్తారు. కాబట్టి మధ్యలో అతుకు గీత వేయొద్దు. గది మూల పనస దుంగ ఒకటి, పక్కన చిప్ప ఆకారంలో తొలిచింది ఒకటి పెడితే చాలు.

పెదవులు

రుబార్బ్ లిప్ సింక్ అనే ఉచిత సాధనం గొంతు ఫైలు విని నోటి ఆకారాలు ఏ ఫ్రేములో మారాలో చెబుతుంది. మామూలుగా అది ఇంగ్లిష్ మాటల కోసం వెతుకుతుంది, దాన్ని ఫొనెటిక్ అనే ఎంపికకి మార్చాలి. మార్చకపోతే తెలుగు మాటని ఏదో ఇంగ్లిష్ మాటగా ఊహించుకుని నోరు పిచ్చిగా ఆడిస్తుంది. ఆరు ప్రాథమిక ఆకారాలు, కావాలంటే ఇంకో మూడు దానికి అందివ్వాలి. మూసిన పెదవులు (మ, ప, బ), పళ్లు కనబడే సన్నటి నోరు (ఇ, స), సగం తెరిచింది (ఎ, అ), బాగా తెరిచింది (ఆ), కొంచెం గుండ్రంది (ఒ), ముడుచుకుంది (ఉ). అదనంగా పై పళ్లు కింది పెదవికి ఆనేది (ఫ, వ), నాలుక పైకి లేచేది (ల), ఊరుకున్నప్పటి నోరు.

ఆ తర్వాత చేత్తో సరిచేయాలి, ఇక్కడే తెలుగు తేడా. ద్విత్వాలు ఎక్కువ కాబట్టి "అమ్మ, అబ్బ, తప్పు" అన్నప్పుడు మూసిన పెదవిని 3, 4 ఫ్రేములు నిలపండి. ఒత్తు లేని "మ" కి 2 చాలు. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి, కాబట్టి మాట అవ్వగానే నోరు టక్కున మూసేస్తే కోపంగా కొరికినట్టుంటుంది. చివరి అచ్చుని 3 ఫ్రేములు ఉంచి నెమ్మదిగా ముయ్యండి. మూసిన పెదవి ధ్వని కంటే ఒక ఫ్రేము ముందే రావాలి. సరిగ్గా ధ్వనితో పాటు వేస్తే కంటికి ఆలస్యంగా అనిపిస్తుంది.

నవ్వు వచ్చే చోట మాట తర్వాత 16 నుంచి 20 ఫ్రేములు ఎవరూ కదలకూడదు. ఒక రెప్పపాటు చాలు: మూయడానికి 2 ఫ్రేములు, మూసి 2, తెరవడానికి 2. కొత్తవాళ్లు ఆ ఖాళీకి భయపడి చేతులూపిస్తారు, జోకు అక్కడే చస్తుంది.

బోర్డు మీద తెలుగు

షాపు పేరు, ఫ్లెక్సీ, క్యాలెండర్ మీద తెలుగు అక్షరాలుంటాయి. కొన్ని యానిమేషన్ సాఫ్ట్‌వేర్లలో నేరుగా టైపు చేస్తే ఒత్తులు విడిపోతాయి. ఇంక్‌స్కేప్‌లో యూనికోడ్ ఫాంటుతో రాసి, గీతలుగా మార్చి, బొమ్మగా తెచ్చుకోండి. రామభద్ర, మండలి లాంటి ఉచిత ఫాంట్లున్నాయి. షాపు బోర్డుకైతే చేత్తో రాసిన అక్షరమే అందం.

శబ్దం

ఈ ఎపిసోడ్‌కి బేసే విలన్, కానీ ఫోను స్పీకర్లో 50 హెర్ట్జ్ వినబడదు. కంప్యూటర్ దగ్గర గుండె అదిరిన బేస్ ఫోనులో నిశ్శబ్దం అయిపోతుంది, తాత ఊరికే కోప్పడినట్టుంటుంది. అందుకని బేస్ ట్రాకుకి నకలు తీసి, కొంచెం పగిలినట్టు చేసి, 150 నుంచి 300 హెర్ట్జ్ మధ్య శబ్దం కలపండి. హమ్‌కీ అంతే, 100 తో పాటు 200, 300 కూడా ఉంచండి. చెవికి అందనిది కంటికి చూపించండి: అంబలి గిన్నెలో అలలు, పెంకులోంచి రాలే మట్టి, వణికే మెట్టు. అలలకి మూడు బొమ్మలు తిప్పితే చాలు.

సినిమా పాట వాడొద్దు. హక్కుల పట్టింపుతో వీడియో ఆగిపోతుంది, లేదా వచ్చే డబ్బు వాళ్లకెళ్తుంది. డీజే పాటని మీరే కట్టండి, ఎనిమిది సెకన్ల దరువు చాలు. వీణని తెలిసినవాళ్ల చేత వాయించి తీసుకోండి. కంప్యూటర్ వీణలో గమకం సరిగ్గా పలకదు, ఇలాంటి కథలో అది దాచలేని లోపం. వెనక నవ్వుల ట్రాకు పెట్టాలా అంటే, మా మాట: వద్దు.

చివరి ఫైలు

నేరుగా వీడియోగా రెండర్ చేయకండి. ఒక్కో ఫ్రేమునీ పీఎన్‌జీ బొమ్మగా తీయండి. గాలివాన వచ్చి కరెంటు పోతే వీడియో ఫైలు మొత్తం పాడవుతుంది. బొమ్మలైతే ఆగిన ఫ్రేము నుంచి మళ్లీ మొదలుపెట్టొచ్చు. అక్టోబరు, నవంబరు నెలల్లో, తుపాన్ల కాలంలో, ఇన్వర్టర్ ఉన్నా ఇలాగే చేయడం మంచిది. ఆటోసేవ్ 5 నిమిషాలకి పెట్టండి. రోజూ సాయంత్రం పని ఫోల్డర్‌ని బయటి హార్డ్ డిస్కులోకి తీసి, ఆ డిస్కు వేరే ఇంట్లో ఉంచండి.

ఫ్రేముల్నీ ధ్వనినీ కలిపి హెచ్.264 ఎంపీ4 గా, సెకనుకి 24 ఫ్రేములతో తీయండి. మొదట్లో 25 తో మొదలెట్టి చివర్లో 24 కి మారిస్తే పెదవులు జారతాయి. మొత్తం శబ్దం మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత) దగ్గర ఉంచండి, యూట్యూబ్ దానికంటే గట్టిగా ఉన్నదాన్ని తానే తగ్గిస్తుంది. రాయలసీమ, తెలంగాణ వాళ్ల కోసం తెలుగులోనే సబ్‌టైటిళ్లు వేయండి, కానీ యాసని ప్రామాణిక భాషలోకి దిద్దకండి. "నేదు" అన్న చోట "నేదు" అనే రాయండి. ఒక్కో సబ్‌టైటిల్ రెండు వరుసలు దాటకూడదు, జోకులో ఆఖరి మాట పలికే ముందే తెర మీద కనబడకూడదు. అది కనబడేలా ఉంటే ఆ వరుసని రెండుగా విడగొట్టి, రెండోదాన్ని గొంతుతో పాటే వచ్చేలా పెట్టండి.